ఆపరేషన్ బల్ల కింద మూడో జత పాదాలు

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మల్లాపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. కొలిచి చూడందే దేన్నీ పాస్ చేయను. ఇది కూడా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఆరేళ్ళపాటు నాకు తలలో కురుపులు ఉండేవి. తల వెనక మెత్తగా ఉబ్బి, పగిలి చీము కారేవి. మానిన చోట జుట్టు ఊడి మచ్చ పడేది. ఒకరు వేడి అన్నారు, ఒకరు చుండ్రు అన్నారు, ఇంకొకరు హెల్మెట్ వల్ల అన్నారు. మందులు వాడినన్నాళ్ళు తగ్గేవి, ఆపగానే మళ్ళీ వచ్చేవి. దిండు మీద పాత తువ్వాలు పరుచుకుని పడుకునేవాణ్ణి.

నాచారంలో నేను ఎప్పుడూ వెళ్ళే సెలూన్ అతను ఒకరోజు మెల్లగా, "అన్నా, ఏమనుకోకు. వేరే గిరాకీలు సూస్తున్రు" అన్నాడు. ఆ తర్వాత నా భార్య సునీతే ఇంట్లో ట్రిమ్మర్‌తో కత్తిరించేది.

చివరికి తనే నన్ను ఉప్పల్‌లో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టర్ మేడం కోస్తా వైపు మనిషి, మాటలు తక్కువ. గ్లవ్స్ వేసుకుని ఒక కురుపును నొక్కారు. చీము అందులోంచి రాలేదు. నాలుగు వేళ్ళ దూరంలో ఉన్న ఇంకో కురుపులోంచి వచ్చింది.

"ఇవి విడివిడి కురుపులు కాదండీ. చర్మం కింద సొరంగాల్లా అన్నీ కలిసిపోయాయి. ఇన్నాళ్ళూ పైపైనే మందు వేశారు" అన్నారు.

"ఆరేండ్ల సంది గిదేందో ఒక్కలు చెప్పలే మేడం" అంది సునీత.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే మేడం చెప్పిందే తేలింది. ఐదు నెలలు మాత్రలు వాడాక చాలావరకు తగ్గింది. మెడ పైన అరచేయంత చోటు మాత్రం లొంగలేదు. దాన్ని కోసి తీసేయాలన్నారు.

ఆపరేషన్ ఉదయం పదకొండింటికి. మత్తు ఇవ్వలేదు. కోసే చోట తిమ్మిరి ఇంజెక్షన్లు మాత్రమే ఇచ్చారు. బోర్లా పడుకోబెట్టి, ముఖం ఆనించడానికి మధ్యలో ఖాళీ ఉన్న దిండు పెట్టారు. అందులోంచి నాకు నేల ఒక్కటే కనిపించేది. కుడివైపు మేడం నీలం చెప్పులు, ఎడమవైపు సిస్టర్ తెల్ల చెప్పులు.

కాసేపటికి సరిగ్గా నా ముఖం కింద మూడో జత పాదాలు కనిపించాయి. మగవాడివి. చెప్పుల్లేవు. కుడి బొటనవేలికి గోరు లేదు. థియేటర్ అటెండర్ అనుకున్నాను. ఒట్టి కాళ్ళతో లోపలికి ఎలా రానిచ్చారా అని కూడా అనుకున్నాను.

అతను నా ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. తగ్గు గొంతుతో, "ఎడమ చెవి ఎనుక గూడ జర సూడమను తమ్మీ" అన్నాడు.

"సరే అన్నా" అన్నాను.

మేడం చేతులు ఆగాయి. "ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ఈ అన్నతోటి మేడం. ఎడమ చెవి ఎనుక గూడ సూడమంటుండు."

సిస్టర్ నా చెవి దగ్గరికి వంగి, "ఈడ మేమిద్దరమే ఉన్నం సార్" అంది.

మళ్ళీ కిందికి చూశాను. రెండు జతల చెప్పులే ఉన్నాయి. మణికట్టు మీద మాత్రం ఆ బరువు ఇంకా తెలుస్తూనే ఉంది. అప్పుడు భయం వేసింది. లేవబోయాను. మేడం మోచేత్తో నా భుజాన్ని అదిమి, "కదలకండి. సగంలో ఉన్నాను" అన్నారు.

పని పూర్తయ్యాక ఎందుకో ఆవిడ నా ఎడమ చెవి వెనక జుట్టు పాయలు తీసి చూశారు. ఒక పాత మచ్చ అంచున బఠాణీ గింజంత గట్టి గడ్డ ఉంది. నొప్పి లేదు. అది అక్కడుందని నాకు తెలియదు, ట్రిమ్మర్ పట్టే సునీతకూ తెలియదు. దాన్నీ తీసి పరీక్షకు పంపారు.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్. "ఏళ్ళ తరబడి మానని మచ్చల్లో అరుదుగా ఇలా వస్తుంది. మొదట్లోనే దొరికింది" అన్నారు మేడం. ఇంకోసారి ఆ చోట వెడల్పుగా కోసి తీశారు. రెండేళ్ళయింది. ఇప్పటివరకు మళ్ళీ ఏమీ కనిపించలేదు.

తర్వాత నేను ఆరా తీయకుండా ఉండలేదు. గోరు లేని అటెండర్ ఎవరైనా ఉన్నాడా, అంతకుముందు పనిచేసి పోయినవాళ్ళు ఉన్నారా అని సిస్టర్‌ని అడిగాను. "పాతోళ్ళెవరు లేరు సార్. ఈ బిల్డింగే నిరుడు కట్టిన్రు" అంది. ఎప్పుడో తలస్నానం చేసేటప్పుడు నా చేతికి ఆ గడ్డ తగిలి ఉంటుందని, మనసు దాన్ని గుర్తుపెట్టుకుని అలా బయటపెట్టిందేమోనని మేడం అన్నారు. కావచ్చు. కానీ ఆ పాదాలు ఎవరివో, అంతకుముందు ఎక్కడైనా చూశానేమో, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆపరేషన్ కాగితం నా ఫైల్లో ఉంది. ఎడమ చెవి వెనక గడ్డ ఉందని రోగే చెప్పాడు కాబట్టి దాన్నీ తీశామని మేడం అందులో రాశారు. ఆవిడ మాత్రం ఇంకేం రాస్తారు? ప్రతి చెకప్‌కీ ఆ ఫైలు పట్టుకెళ్తాను. ఆ వాక్యం తప్పని నాకు తెలుసు. దాని బదులు ఏం రాయాలో మాత్రం నాకూ తెలియదు.