నేను వేసిన నంబర్లు

తొందరపాటు నా పుట్టుబుద్ధి. "ముందు చేస్తవ్, తర్వాత ఆలోచిస్తవ్" అని జమ్మికుంటలో మా అవ్వ రోజూ తిట్టేది. ఆ బుద్ధితోనే ఆదిలాబాద్ వైపు గుడ్లగూబల సర్వేకు వెళ్లాను.

మేము వెతికింది పట్టపగలే వేటాడే చిన్న అడవి గుడ్లగూబను. సాగుభూముల మధ్య అది ఎక్కడ నిలుస్తుందో, ఎందుకు నిలుస్తుందో రాసుకోవడం నా పని. నట్టడవిలో ఉంటుందనుకున్నాను. అది మాత్రం టేకు అడవికీ పత్తి చేనుకూ నడుమ, గట్టు మీది ముసలి మద్దిచెట్టును ఎంచుకుంది. గూటికి తొర్ర, కూర్చోవడానికి ఎండుకొమ్మ, కింద చేలో ఎలుకలు, తొండలు. దానికి అంతే కావాలి. కానీ అలాంటి చెట్టు మిగలడమే గగనం. నీడకు పత్తి ఎదగదని రైతులకు దాని మీద కోపం.

మళ్లీ వచ్చినప్పుడు వెతుక్కోవడం ఎందుకని, గూళ్లున్న మూడు చెట్లకూ ఎర్ర పెయింటుతో నంబర్లు వేశాను. చేనుగల వాళ్లకు ఒక్కమాట చెప్పాలని తోచనే లేదు.

నెల తర్వాత వెళ్తే మొదటి గట్టు మీద మొద్దే ఉంది. ఆ చేనుగల ముసలామె నవ్వుతూ ఎదురొచ్చింది.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా! చెట్టు కొట్టెతందుకు పర్మిషన్ ఇయ్యుండ్రని ఆఫీసు సుట్టూ తిరిగి తిరిగి యాష్టకొచ్చింది. నువ్వే నంబరేసి పోయినవ్."

అప్పుడు తెలిసింది. ఇక్కడ చెట్టుకు నంబరు పడిందంటే, కొట్టుకోమని సర్కారు ఒప్పుకున్నట్టే. తొర్రలో పిల్లలేమైనా ఉన్నాయా అని అడిగాను.

"రెండుండె. సచ్చినయ్."

ఆమెను ఏమనగలను? నన్ను నేను చంపుకోవాలనిపించింది. బండి తీసి రెండో చెట్టు దగ్గరికి పోయాను. అదీ లేదు. మూడోది నిలబడే ఉంది. గట్టు మీద పడున్న కొడవలి తీసుకుని నంబరు చెక్కడం మొదలుపెట్టాను. చేను రైతు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్లకిచ్చి మాకెందుకు చెరుపుతున్నవ్ మేడం? మేమేం పాపం జేసినం?"

"అది పర్మిషన్ కాదన్నా. పైన పిట్ట గూడున్నదని గుర్తు పెట్టుకున్న, అంతే. నీ కాళ్లు మొక్కుత, కొట్టకు."

"పిట్ట మీదున్న ఫికర్ జర మా మీద లేదా?"

కొడవలిని రెండో చేతికి మార్చుకున్నాను. ఏడుస్తూనే చెక్కుతున్నాను. అతను చెయ్యి వదిలేసి, చేలో పత్తి ఏరుతున్న భార్యను కేకేశాడు.

"ఉరికి గొడ్డలి తే! నంబరు మొత్తం పోకముందే కొట్టాలె!"