పాల ట్యాంకుకు తీగ కలిపిన రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అంటారు. ఉండదా మరి? రోజంతా యంత్రాలతో వాదించే ఉద్యోగం నాది. మిషన్ల పక్కన ఒక చిన్న కంప్యూటర్ పెట్టెను బిగించి, వాటి అంకెలను ఎక్కడో ఉన్న ఆఫీసు తెరమీదికి పంపిస్తాను. ఆ పెట్టెను గేట్‌వే అంటారు. మిషన్ నుంచి పెట్టె దాకా సీరియల్ తీగ, పెట్టె నుంచి ఆఫీసు దాకా సిమ్ కార్డు. చెప్పుకోవడానికి ఇంతే. చేయబోతే చుక్కలు కనిపిస్తాయి.

ఆ పొద్దున జహీరాబాద్ నుంచి బండి మీద చిరాగ్‌పల్లి దగ్గరి పాల కేంద్రానికి వెళ్లాను. ఎర్రరాతి గోడల గది, పైన రేకులు, లోపల పాలను చల్లబరిచే పెద్ద ఉక్కు ట్యాంకు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు రెండు పూటలా పాలు తెచ్చి పోస్తారు. కేంద్రం చూసుకునేది యాభై దాటిన ఒక అక్క. పాల కంపెనీ కొత్తగా ఒక నిబంధన పెట్టింది. పాలు పోసే వేళ ముగిశాక ట్యాంకు ఐదు డిగ్రీలు దాటకూడదు. దాటలేదని తమ తెరమీద కనిపించాలి. అప్పుడే పాలు తీసుకెళ్లే ట్యాంకర్ వస్తుంది.

"ఇన్నేండ్ల సంది నేనే ఫోన్ జేసి చెప్తుంటి తమ్మీ, నాలుగున్నదని. ఇప్పుడు నా మాట సాలదంట, నీ డబ్బా చెప్పాల్నంట," అంది అక్క. "జర దబ్బున చూడు. ట్యాంకర్ రాకుంటే ఈ ఆడోళ్లకు ఏం మొకం చూపియ్యాలె నేను?"

"ఫికర్ జేయకు అక్కా, గంటల అయిపోతది," అన్నాను. ఆ మాట నేను ప్రతి చోటా అంటాను.

ముందు సీరియల్ తీగ మొండికేసింది. ట్యాంకు చల్లదనం చూపే మీటరుకు తీగలు కలిపితే నా ల్యాప్‌టాప్‌లో అంకెలకు బదులు ఏవో పిచ్చి గుర్తులు. తీగలు అటుదిటు మార్చాను. అవి కూడా రావడం మానేశాయి. మళ్లీ మార్చాను. మళ్లీ పిచ్చి గుర్తులే. మీటరు ఏ వేగంతో మాట్లాడుతుందో పెట్టె కూడా అదే వేగంతో వినాలి. ఆ వేగం ఎంతో మీటరు మీది స్టిక్కర్‌లో ఉండాలి. ఆ స్టిక్కర్ తెల్లగా కడిగేసి ఉంది. పాల కేంద్రంలో ప్రతిదీ రోజూ కడుగుతారు మరి! ఒక్కో వేగమే మార్చి చూస్తూ పోయాను. చెమటలు కారుతున్నాయి. "నీ యవ్వ!" అని మీటరును తిట్టాను. అక్క విననట్టే చాయ్ తెచ్చి పెట్టింది. చాయ్ సగం తాగేసరికి తెరమీద అంకె నిలబడింది. నాలుగు. ప్రాణం లేచొచ్చింది.

ఇక సిగ్నల్ సంగతి. మా దిక్కు ఫోన్లకున్న జబ్బే ఆ పెట్టెకూ ఉంది. సరిహద్దు పక్కనే కదా, మాటిమాటికి కర్ణాటక టవర్‌ను పట్టుకుంటుంది. కంపెనీ ఇచ్చిన సిమ్ అక్కడ పనిచేయదు. యాంటెన్నాను గదిలో ఏ మూల పెట్టినా అదే వరస. చివరికి కిటికీలోంచి బయటికి తీసి జహీరాబాద్ వైపు గోడకు కట్టబోతే, కట్టడానికి ఏమీ దొరకలేదు. అక్క బర్రెను కట్టే తాడు తెచ్చి, తానే స్టూలెక్కింది.

"ఇట్లనా? ఇంకింత పైకా?"

"పైకి, పైకి... ఆ, గంతే! కదలకు!"

పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. పాల కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, కనిపిస్తోంది అన్నారు. అక్క ట్యాంకుకూ పెట్టెకూ నాకూ కలిపి ఒకటే దండం పెట్టింది. నాకు నవ్వొచ్చింది, కొంచెం గర్వంగానూ అనిపించింది.

అప్పుడే బయట షేర్ ఆటో ఆగింది. మొగుడంపల్లి వైపు ఒక పల్లె పాలన్నీ పోగుచేసి తెచ్చే ఆమె, ఆటో వెనుక కట్టిన క్యాన్లు దించుకుంటోంది. దారిలో టైరు పంక్చరయ్యిందట.

"టైం అయిపాయె గద అక్కా, పొయ్యాల్నా వద్దా?"

"ఎంత మాట! గడప కాడికొచ్చిన పాలను ఎనుకకు పంపుతరా ఎవలన్న? పొయ్యి, పొయ్యి."

అక్కడి పద్ధతి అది. ఎంత ఆలస్యమైనా పాలు తిప్పి పంపరు. తిరిగి పోతే పశువుకు మంచిది కాదని నమ్మకం. అలాంటి రోజున అక్క కాసేపు ఆగి, ట్యాంకు మళ్లీ చల్లబడ్డాకే కంపెనీకి ఫోన్ చేసేది. నాలుగు అని చెప్పేది. అప్పటికి నిజంగా నాలుగే ఉండేది.

నా పెట్టెకు ఆగడం రాదు. వెచ్చటి పాలు ట్యాంకులో పడ్డాయి. నాలుగు ఐదైంది, ఆరైంది, ఏడైంది. నేను చూస్తుండగానే ప్రతి అంకె ఆఫీసుకు వెళ్లిపోయింది. ఫోన్ మోగింది.

"సార్, ఏడు చూపిస్తోంది. సిస్టమ్ ఈ ట్యాంకు పాలను రిజెక్ట్ చేసింది. ట్యాంకర్ రాదు," అన్నాడు ఆఫీసు మనిషి.

"కొత్త పాలు ఇప్పుడే పోశారండీ. కాసేపట్లో దిగుతుంది."

"దిగినా లాభం లేదు సార్, రికార్డులోకి ఎక్కేసింది. నా చేతిలో ఏం లేదు."

"ఎవరి చేతిలో ఉందో వాళ్లకివ్వండి."

"ఎవరి చేతిలోనూ లేదు సార్."

అరిచాను. బతిమాలాను. అక్క ఫోన్ లాక్కుంది. "సారూ, మంచి పాలే సారూ. ఇప్పుడే పిండిన పాలు ఎచ్చగుండయా సారూ?" అంది. సారీ అమ్మా అని అతను పెట్టేశాడు.

ఆమె పెట్టె వైపు చూసింది. "తమ్మీ, ఆ తీగ జర పీకరాదూ?"

"పీకినా పోయిన అంకె వాపస్ రాదక్కా."

"నువ్వు పెట్టిందే గద?"

కోపంతో కాదు, నిజంగా అర్థంకాక అడిగింది. పెట్టింది నేనే. దానికి నచ్చజెప్పడం మాత్రం నాతో కాదు. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

మధ్యాహ్నానికి ట్యాంకు నాలుగుకు దిగింది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. ట్యాంకర్ రాలేదు. కబురందుకున్న ఆడవాళ్లు క్యాన్లు పట్టుకొచ్చారు. అన్నీ కలిసిపోయిన పాలు, ఎవరివి ఎవరివో ఏం తెలుస్తుంది? అక్క కొలిచి కొలిచి ఎవరి వంతు వాళ్లకు తిరిగి పోసింది.  ఒక ముసలామె, "ఎన్నడన్న ఇట్లయ్యిందా?" అని గొణిగింది. అక్క తల వంచుకునే కొలుస్తూ పోయింది.

సాయంత్రం పూట కూడా చూసి రమ్మని మా వాళ్లు చెప్పడంతో అక్కడే ఉన్నాను. పాలు పోయడం అయిపోయింది. వేళ ముగిసింది. ట్యాంకు నాలుగుకు దిగింది. రేపటి ట్యాంకర్ ఇక ఈ అంకె మీదే ఆధారం. అప్పుడు బయట షేర్ ఆటో ఆగింది. పొద్దుటి ఆమే.

"ఆటో నిండందే కదలనన్నడక్కా వాడు, ఏం జెయ్యాలె," అంటూ క్యాన్లు దించింది.

అక్క గడప దాకా వెళ్లింది.  అక్కడి నుంచే నా దగ్గరికి తిరిగొచ్చింది.

"నువ్వే చెప్పు తమ్మీ, ఎనుకకు పొమ్మని. నాకు నోరొస్తలేదు."

నేను వెళ్లాను. ఆటోలో వచ్చినామె అప్పటికే క్యాన్ మూత తీసింది. పాల మీద నురగ ఇంకా చావలేదు.

"పాలు వాపస్ తీస్కపో అక్కా," అన్నాను.