ఆరు కాళ్ళ ఎద్దు

మా బావ పోయినాడు. మదనపల్లె ఆస్పత్రిలో పానం ఇడిసినాడని, నేను కుప్పంలో నా కూతురింట్లో ఉండగా ఫోను వచ్చింది. బస్సెక్కి పెద్దపంజాణి పక్కన గుట్ట కింద ఉండే ఆయన ఊరికి చేరేటప్పటికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆయన చేన్లోనే మట్టి చేసినాము.

ఆయన మా అక్క మొగుడు. నాకు రాత అంతంతమాత్రం. అయినా ఆయన్ను గురించి ఇంకొకరు తప్పుగా సెప్తారని నేనే రాస్తాండాను.

వయసులో బావ విల్లుతో జింకల్ని కొట్టేవాడు. ఆ కాలంలో మా గుట్టల్లో అడిగేవాడు లేడు. కుక్కల్ని తోలి, కేకలేసి, గసపెట్టేదాకా పరిగెత్తేది మా యాట. బావది అట్ల కాదు. ఆయనకు ఒక దీమం ఎద్దు ఉండేది. అడివి జీవాన్ని నమ్మించి దగ్గరికి పోయేదానికి పెంచుకునే జీవాన్నే దీమం అంటారు. ఎద్దు మేస్తా నడుస్తాది. దాని ముంగాలి పక్కనే బావ, మూపురం మీద చెయ్యేసి, వంగి నడుస్తాడు. ఎద్దు కాలు పడినప్పుడే ఈయన కాలు పడల్ల. జింకలకల్లా నేరుగా పోనే పోడు. అడ్డంగా నాలుగడుగులు, నిలబడేది, ఎద్దును మేయనిచ్చేది, మళ్ళా ఏటవాలుగా నాలుగడుగులు. అంబు అందేంత దగ్గరికి పొయ్యేతలికి పొద్దు వాలేది.

"ఎద్దు సాటున దాంకోని కొట్టేది మొగతనమా బావా?" అంటి నేనొక తూరి.

"జింక కూడా నీ మాదిరే బామ్మర్దీ, లెక్కలు రావు. ఎద్దుకు ఆరు కాళ్ళుండాయని దానికి తెలీదు. తొందర మాత్రం తెలుస్తాది. నీకు అదీ తెలీదు."

నేను ఊరుకుంటానా? "పుంగనూరు పొట్టి ఎద్దును పెట్టుకో. దాని పక్కన పాక్కుంటా పోదువు" అంటి. ఆయన నవ్వల్యా. సంగటి ముద్ద జింక కూరలో అద్దుకోని, "ఇది ఎవురి మొగతనంతో ఉడికిందో మీ అక్కను అడుగు" అనె. ఉండే మాట సెప్తాండాను, నా కుక్కలకు కుందేళ్ళు తప్ప జింక దొరికింది లేదు.

తర్వాత యాట నేరమని ఫారెస్టోళ్ళు ఊరూరా సెప్పిరి. బావ విల్లు తాడు ఇప్పేసి, ఆ కట్టెను బీరతీగకు ఊతంగా నాటె. మళ్ళా ముట్టలేదు. కష్టమంతా ఎద్దుకొచ్చింది. ఒంటెద్దు నాగలికి కడితే అది యాట నడకే నడిచేది. ఏటవాలుగా నాలుగడుగులు పొయ్యేది, నిలబడి తల దించేది. సాళ్ళన్నీ పాము పాకినట్ల వంకర.

"మీ అల్లుడు చేన్లో ఇంకా జింకల్ని ఎతుకుతాండాడా?" అని ఊరోళ్ళు మా నాయన్ను ఆట పట్టించిరి. ఆయన మొగం కందగడ్డ చేసుకోని బావ ఇంటికి పోయె. నేనూ ఎంట పోతి.

"ఏమప్పా, దున్నని ఎద్దుకు మేత యాడ తెస్తావు? పుంగనూరు సంతకు తోలు" అనె నాయన.

దున్నని ఎద్దును సంతలో కొనేది కోతకే. అది అందరికీ తెలుసు.

"మామా, నన్ను దాచిన జీవం అది. దాన్ని తీస్కపొయ్యి కత్తి ముందర నిలబెట్టలేను."

"అయితే పస్తుండు."

"ఉంటా."

మర్సునాడు ఊరు నోరెళ్ళబెట్టింది. మేడి పట్టుకోని దున్నేది మా అక్క! బావ ఎద్దు ముంగాలి పక్కన, మూపురం మీద చెయ్యేసి నడుస్తాండాడు. ఆయన ఎట్ల నడిస్తే ఎద్దు అట్ల నడిచింది. సాలు నేరుగా వచ్చింది. ఆడది మేడి పడితే వాన రాదని గెనిం గట్టు మీద నిలబడి ముసిలోళ్ళు తిట్టిరి.

"వాన రాకపోతే నన్ను అడగండి. ఎద్దునేమీ అనబాకండి" అనె మా అక్క, మేడి ఇడవకుండానే.

ఆ యేడు వాన ఎంత పడిందో నాకు గుర్తు లేదు. శెనక్కాయ మాత్రం పండింది. ఆ ఎద్దు ముసిలై సచ్చేదాకా వాళ్ళ సేద్యం అట్లే నడిచింది.

అంతటితో ఆపినాడా? ట్రాక్టర్లు వచ్చినంక గూడా ఒక ఎద్దును పెంచేవాడు, దానికి ఆ నడకే నేర్పేవాడు. విల్లూ లేదు, అంబూ లేదు. ఊరికే ఎద్దును తోలుకోని గుట్ట కిందికి పొయ్యి, జింకల్ని సూసి వచ్చేవాడు. "ఏం దొరికింది బావా?" అని ఎగతాళి చేస్తే, "అందరూ బాగుండారు" అనేవాడు.

ఆ నడక ఆయనకే అంటుకునింది. మా ఇంటికొస్తే నేరుగా లోపలికి రాడు. కంచె కాడ నిలబడతాడు, చింతకాయ బాగా కాసిందే అంటాడు, దొడ్లో ఎనుమును సూస్తాడు, అప్పుడొచ్చి కూర్చుంటాడు. నా పెండ్లాం పోయినప్పుడు నేను ఎవురితోనూ మాట్లాడకుండా ఉంటిని. వచ్చినోళ్ళంతా మీద పడి ఓదారుస్తాంటే కసిరి పంపిస్తి. బావ అట్లే దూరదూరంగా తిరిగి తిరిగి, ఎప్పుడొచ్చినాడో తెలీకుండా నా పక్కన ఉండాడు. ఒక్క మాట అడగలా. ఆ పూట నేను ఏడిస్తే సూసింది ఆయనొక్కడే.

బావను మట్టి చేసిన మూడోనాడు పొద్దున్నే ఆ మట్టి మీద పాలు పోస్తిమి. అది ముగిసినంక బావ కొడుకు, నా మేనల్లుడు, ఎద్దు పలుపు పట్టుకోని వచ్చె.

"మామా, నాయనే లేనప్పుడు ఇది యాల? వచ్చే సంతకు తోలేద్దామా?"

మా అక్క నాకల్లా సూసె.

నేను ఎద్దు మెడలో పలుపు తీసి వాని చేతిలో పెట్టి, మూపురం మీద చెయ్యేస్తి. గుట్ట కింద నాలుగు జింకలు మేస్తాండాయి. నేరుగా అడుగేస్తి. ఎద్దు కదల్లా. అడ్డంగా అడుగేస్తే కదిలె. దాని ముంగాలి మీదే కన్నుపెట్టి, మోకాళ్ళు పీకుతాంటే వంగి నడిస్తి. అది నిలబడితే నిలబడితి, మేస్తే కాసుకోనుంటి. జింక చెవి లోపలి తెల్లబొచ్చు కనపడేంత దగ్గరికి పోతిమి. కొట్టి పడేసినవి సూసినాను గానీ, మేసే జింకను అంత దగ్గర నేను సూసిందే లేదు.

మెల్లగా ఎనక్కి సూస్తే, అల్లుడు పలుపు గెనిం మీద పడేసి, కదలకుండా నిలబడుండాడు. పక్కన మా అక్క, చేతిలో ఖాళీ పాలచెంబు.

జింక తలెత్తి మాకల్లా సూసె. ఎద్దు మేస్తానే ఉండాది. జింక మళ్ళా గడ్డిలోకి తల దించుకునె.