ముందు సీటూ కాలువ నీళ్ళూ

మొన్న రామచంద్రపురంలో ఓ పెళ్ళికి మా చెల్లెలి కారులో బయల్దేరాం. కడియం నర్సరీలు దాటి కాలువ గట్టెక్కామో లేదో, స్టీరింగు పక్కనున్న తెర మీద ఎర్రటి బొమ్మ వెలిగి గంట మోగింది. ఇంజను వేడెక్కింది, ఆపమని కారే చెప్పింది. మా చెల్లెలు బుద్ధిగా పక్కకి తీసి ఆపి, కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి, దేన్నీ ముట్టుకోవద్దన్నారని చెప్పి చేతులు కట్టుకుని కూర్చుంది. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, ఏళ్ళ తరబడి కారు నడుపుతున్న మనిషి, ఏమైందో తెలియక నా పక్కన అలా కూర్చోవడం చూస్తే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఈ వయసులో కూడానా అని మీరనుకుంటే, మీకు చెల్లెలు లేదేమో అని నేననుకుంటాను.

బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి దీన్ని ఈర్ష్య అనో మాత్సర్యం అనో మర్యాదగా చెప్పగలను గానీ, ఉన్నమాట చెప్పాలంటే అది కుళ్ళు. మా చిన్నప్పుడు ఇదే గట్టు మీద, ఒక ముసలి కారు దగ్గర మొదలైంది.

మా నాన్నగారు రాజమండ్రిలో మిషన్ ఆసుపత్రి డాక్టరు. నాలుగైదు చేతులు మారిన నల్ల కారు ఒకటి కొని, దానికి మా ఇద్దరి కంటే ఎక్కువ స్నానాలు చేయించేవారు. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యి, పాస్టరు గారికి వందనాలు చెప్పి, అమ్మ టిఫిను క్యారియరు సర్దుకోగానే, అందరం కాలువ గట్టు మీదుగా అమ్మమ్మ గారి ఊరు వెళ్ళేవాళ్ళం. వారమంతా ఊళ్ళో బుద్ధిగా తిరిగే ఆ కారు, గట్టు మీద నాలుగు మైళ్ళు పోయేసరికి బుసకొట్టడం మొదలుపెట్టేది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది, బానెట్టు సందుల్లోంచి ఆవిరి వచ్చేది. నాన్న కారు ఆపి, బానెట్టు ఎత్తి, కాసేపు ఆరనిచ్చి, తడిపిన గోనెపట్టా రేడియేటరు మూత మీద వేసి మెల్లగా తిప్పేవారు. ఇక అక్కడి నుంచి పని నాది. సత్తు బకెట్టు పట్టుకుని రేవు మెట్లు దిగి, కాలువలో ముంచి, తొణక్కుండా పైకి తేవాలి.

ఆ పని వల్లే ముందు సీటు నాకు దక్కింది. కారు ఆగగానే దిగాల్సిన మనిషి ముందే ఉండాలి కదా అని నాన్నే అన్నారు. అమ్మ, చెల్లెలు వెనకాల, నేను నాన్న పక్కన. ఎదురొచ్చే ఎడ్లబండ్ల వాళ్ళు నాన్నకి దండం పెడితే, అది నాకు కూడా పెట్టినట్టే అనుకుని తల పంకించేదాన్ని. నా జన్మలో అంత గొప్ప ఉద్యోగం మళ్ళీ చెయ్యలేదు.

ఆ యేడు వానాకాలంలో కాలువకి ఎర్రనీరు వచ్చాక కారు మరీ మొండికేసింది. ఒకసారి ఆగేది కాస్తా రెండుసార్లు ఆగేది. నాన్న షెడ్డు మేస్త్రికి చూపించారు. ఆయన ఒక వారం ఫ్యాను బెల్టు బిగించాడు, ఇంకో వారం రబ్బరు గొట్టం మార్చాడు, ఆ తర్వాత నీళ్ళ పంపు విప్పి మళ్ళీ బిగించాడు. ఆదివారం వచ్చేసరికి మళ్ళీ అదే ఆవిరి. కారు అమ్మేద్దామని అమ్మ మొదలుపెట్టింది. నాన్న మొహం చిన్నబోయింది. నేను మాత్రం ఇంకో బకెట్టు, ఇంకో బకెట్టు అని ఉత్సాహంగా మెట్లు దిగుతూనే ఉన్నాను.

అప్పట్లో గట్టు పక్క ఊళ్ళన్నీ కాలువ నీళ్ళే తాగేవి. అమ్మమ్మ బిందెలతో తెచ్చిన ఎర్రనీళ్ళని కుండలో పోసి, లోపల చిల్లగింజ అరగదీసి, కదపకుండా వదిలేసేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి పైన తేటనీళ్ళు మిగిలేవి. వాటి రుచి ఇప్పుడు వచ్చే సీసా నీళ్ళకి ఏం తెలుసు. అడుగున మిగిలిన మడ్డిని అరటి మొక్క మొదట్లో ఒంపేది.

ఒక ఆదివారం నాన్న అమ్మమ్మ గారి అరుగు మీద దిగాలుగా కూర్చుని ఆ తేటనీళ్ళు తాగుతున్నారు. అమ్మమ్మ మడ్డి ఒంపుతుంటే ఆవిడ వెనకే నిలబడిన మా చెల్లెలు, బడిలో అక్షరాలు కూడా సరిగా కూడబలుక్కోలేని వయసుది, నాన్న వైపు తిరిగి, "మనకేమో తేర్చిన నీళ్ళు ఇస్తుంది కదండీ అమ్మమ్మ. మరి కారుకి మడ్డి నీళ్ళే పోస్తున్నామేంటండీ?" అంది.

నాన్న గ్లాసు కింద పెట్టేశారు. లేచి వెళ్ళి ఆ మడ్డిని వేళ్ళ మధ్య నలిపి చూశారు. తర్వాత మా చెల్లెల్ని ఎత్తుకున్నారు. నన్నెప్పుడూ అలా ఎత్తుకున్న గుర్తు నాకు లేదు.

మర్నాడు షెడ్డులో రేడియేటరు విప్పించారు. సన్నటి గొట్టాల నిండా ఎర్రమట్టి గట్టిపడి ఉంది. గోదావరి సగం ఇందులోనే ఉందండి డాక్టరు గారూ అని మేస్త్రి నవ్వాడట. ఆ గోదావరిని బకెట్టు బకెట్టుగా మోసుకొచ్చింది నేను. ఆ మాట ఎవరూ అనలేదు. అనకపోయేసరికి నాకు ఇంకా మండిపోయింది.

రేడియేటరు కడిగించాక కారు ఆగకుండా అమ్మమ్మ ఇంటి దాకా పరుగెత్తింది. అయినా జాగ్రత్త కోసం తేటనీళ్ళ సీసా ఒకటి కారులో ఉండాలన్నారు. దాన్ని ఒలకకుండా పట్టుకోవాలన్నారు. పట్టుకునే హక్కు కనిపెట్టినదానిది కాబట్టి మా చెల్లెలు ముందుకెళ్ళింది, నేను వెనక్కొచ్చాను. గుడిలో అందరూ దాన్ని చిన్న ఇంజనీరమ్మ అనేవారు. పాస్టరు గారు ప్రసంగంలో కూడా ఆ నీళ్ళ సంగతి చెప్పారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చుకుని కూర్చున్నాను. తర్వాత నాన్న డ్రైవింగు దానికి నేర్పారు, కారు తాళాలు దానికిచ్చారు, ఆఖరి రోజుల్లో ఆసుపత్రికి తీసుకెళ్ళమని కూడా దాన్నే అడిగారు. ఆ వరసంతా ఆ మడ్డి నీళ్ళ దగ్గరే మొదలైందని నా నమ్మకం.

కంపెనీ బండి కోసం ఎదురుచూస్తూ ఇవన్నీ నెమరేసుకుని, ఊరుకోలేక, నీ కారుకి నీళ్ళు తేర్చి పోశావా లేదా అని దాన్ని దెప్పాను. అది నవ్వలేదు. కిటికీలోంచి రేవు వంక చూస్తోంది. కాలువ నిండా గుర్రపుడెక్క, మెట్ల మీద ప్లాస్టిక్ కవర్లు.

"నువ్వా మెట్లు దిగితే నాన్న ఇంజను వంక చూసేవారు కాదక్కా," అంది. "నువ్వు పైకొచ్చేదాకా ఊపిరి బిగబట్టి నీ వంకే చూసేవారు. నేను పక్కనుండి చెయ్యి లాగినా పలికేవారు కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ బకెట్టు నీచేత ఎలా మాన్పించాలా అని చూస్తుంటేనే అమ్మమ్మ కుండ కనపడింది."

దిగేటప్పుడు నా వీపు నాన్న వైపు ఉండేది. ఎక్కేటప్పుడు తొణక్కుండా ఉండాలని కళ్ళు బకెట్టు మీదే ఉండేవి. ఆయన ఇంజను చూసుకుంటున్నారనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ఇంతలో కంపెనీ బండి వచ్చి, కారును పైకెక్కించుకుని వెళ్ళిపోయింది. మాకు ఇంకో కారు పంపారు, ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. ఇప్పుడు కారుకి ఏమొచ్చిందో కారే చెబుతుంది, నీళ్ళ కోసం ఎవరూ రేవులోకి దిగరు, దిగిన పిల్ల ఎక్కేదాకా గట్టు మీద ఎవరూ నిలబడరు. ముందు సీటు పోయిందన్న ఏడుపు నాకు ఆ దారిలోనే తీరిపోయింది. కానీ నన్ను చూస్తున్నప్పుడు మా నాన్న మొహం ఎలా ఉండేదో దానికి తెలుసు, నాకు తెలియదు. ఇక మీదట నా కుళ్ళంతా అందుకే.