పచ్చజెండా పట్టుకున్న పెద్దాయన

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని నలుగురిలో ఏడిపించే రకం నేను. తెనాలి రైల్వే క్వార్టర్సులో పెరిగాను, మా నాన్న పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చీకట్లో పట్టాల వెంట తిరిగినవాణ్ణే, ఏనాడూ ఏమీ కనపడలేదు. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

నిరుడు సిడ్నీకి పడమరగా, చాలా దూరాన, గోధుమలు నిల్వచేసే సైలోల్లో కరెంటు ప్యానెళ్ళు బాగుచేసే పని మీద వెళ్ళాను. మా ఆవిడ మాధవి సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాట్‌లోనే ఉంది. ఏడో నెల.

పొద్దున పదకొండింటికి ఫోన్. "ఏవండీ, బ్లీడింగ్ ఆగట్లేదు. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు. త్వరగా వచ్చెయ్యండి, నాకు భయంగా ఉంది."

నేను వేరేవాళ్ళ కారు తలుపు లాగుతుండడం చూసి సైలో మేనేజర్ నా కారు తాళాలు లాక్కున్నాడు. తన యూట్ ట్రక్కులో స్టేషన్‌కి తీసుకొచ్చి దింపాడు. రోజుకి ఒక్కటే బండి. "ఇక్కడ స్టాఫ్ ఉండరు. నువ్వు చెయ్యి ఊపితేనే డ్రైవర్ ఆపుతాడు," అని రెండుసార్లు చెప్పి, పని ఉందని వెళ్ళిపోయాడు.

పొట్టి ప్లాట్‌ఫారం, రేకుల షెడ్డు, పేరు బోర్డు. ఒకప్పుడు ఇక్కడే గోధుమ బస్తాలు ఎక్కించేవారట. ఫోన్‌కి సిగ్నల్ లేదు.

షెడ్డు చివర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నల్లకోటు, టోపీ, చేతిలో చుట్టిన పచ్చజెండా. నిజం చెప్పాలంటే, ఆయన్ని చూసి ప్రాణం లేచొచ్చింది. స్టేషన్ అన్నాక స్టేషన్ మాస్టర్ ఉండడం నాకు వింతేమీ కాదు. మేనేజర్‌కి తెలియదులే అనుకున్నాను. నా భార్య సంగతి చెప్పాను.

"కూర్చో మేట్, బండి సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

కూర్చున్నాను. జెండా పట్టుకున్న మనిషి మాట ఇస్తే మా క్వార్టర్సులో దానికి తిరుగులేదు.

పన్నెండున్నరకి బండి కనపడింది. ఆయన అంచు దాకా వెళ్ళి పచ్చజెండా విప్పాడు. బండి ఆగాలంటే ఎర్రజెండా చూపించాలి కదా! పాయింట్స్‌మన్ కొడుకుని, ఆ జెండా రంగు అప్పుడు తట్టింది నాకు. అరుస్తూ, రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తాను. ఇంజను నన్ను దాటిపోయింది.

వెనక్కి తిరిగితే ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. నాలుగు పక్కలా కోసేసిన చేలు, దాక్కోవడానికి చెట్టయినా లేదు.

ఎర్రటి ఎండలో ఏడ్చుకుంటూ హైవే దాకా నడిచాను. ఒక లారీ ఎక్కి, దిగి, ఇంకోటి పట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి అర్ధరాత్రి ఒంటిగంట దాటింది.

మాధవి బతికింది. బాబు రాత్రి తొమ్మిదింటి దాకా ఉన్నాడు. ఆ బండెక్కి ఉంటే ఏడున్నరకే చేరేవాణ్ణి.

తర్వాత రైలువాళ్ళకి ఫిర్యాదు రాశాను. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు కనపడ్డారనీ, కూర్చున్న మనిషి చెయ్యెత్తలేదనీ, యూనిఫాంలో ఉన్నాయన పచ్చజెండా చూపాడనీ డ్రైవర్ చెప్పాడట. ఆ స్టేషన్‌లో ఉద్యోగులెవరూ లేరని కూడా ఆ జవాబులోనే రాశారు. మేనేజర్‌ని అడిగితే అక్కడి స్టేషన్ మాస్టర్ ఉద్యోగాన్ని తను పుట్టకముందే తీసేశారన్నాడు.

ఆయనెవరో నాకు తెలియదు. నేనేం పాపం చేశానో అంతకన్నా తెలియదు. మాధవికి అంతా చెప్పాను. నమ్మాననీ అనదు, నమ్మలేదనీ అనదు. అప్పుడప్పుడు అన్నం కలుపుతూ ఆగిపోయి ఒక్కటే అడుగుతుంది.

"చెయ్యెత్తడానికి ఎంతసేపండీ?"