మా లంకలో శనివారం

గోదావరి మధ్య అరటి తోటలూ, ఓ పిడికెడు కొంపలూ ఉన్న లంక మాది. అందులో మా వీధివాళ్ళం యూదులం. నవ్వకండి. తాతల కాలంలో చర్చికి వెళ్ళేవాళ్ళమే. తొంభైల మొదట్లో నాన్న పాత నిబంధన చదివి చదివి, అందులో తప్పిపోయిన యూదుల గోత్రం మనదేనని తేల్చేశాడు. రుజువేంటని అమ్మ అడిగింది. "చదువుతుంటే తెలియడం లేదా?" అన్నాడు. అంతటితో మా చరిత్ర పరిశోధన ముగిసింది.

అప్పటి నుంచి శనివారం విశ్రాంతి దినం. శుక్రవారం పొద్దు కుంకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా పొయ్యి వెలిగించకూడదు, పని చెయ్యకూడదు, పడవ ఎక్కకూడదు.

చిక్కల్లా మావయ్యతో వచ్చింది. ఆయన అమ్మకి తమ్ముడు. లంకలో పడవ వేసేది ఆయనొక్కడే. రైతులు అరటి గెలలు రావులపాలెం మార్కెట్టుకి దాటించేది శనివారం పొద్దున్నే. రెండు వారాలు పడవ కట్టేసి, మూడో వారం మావయ్య తెడ్డు పట్టాడు.

"గెలలు మగ్గిపోతే దేవుడు కొంటాడా బావా?" అన్నాడు.

నాన్న ఆయన్ని వెలేశాడు. వెయ్యడమైతే వేశాడు గానీ, సామూహిక ప్రార్థనకి పదిమంది మగవాళ్ళుండాలి. మావయ్యతో కలిపితేనే మేం సరిగ్గా పదిమందిమి. తర్వాత ఒక ముసలాయన కూడా పోయాడు. ప్రార్థనలన్నీ నోటికి వచ్చిన అమ్మ లెక్కలోకి రాదు. మొదటి వాక్యానికే కునుకు తీసే పెదనాన్న వస్తాడు. తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక శనివారం నాన్నకి గుండె నొప్పి వచ్చింది. ఒళ్ళంతా చెమటలు. "చుక్కలు పొడిచేదాకా ఆగుదాం. ఇవాళ పడవెక్కను" అన్నాడు.

"ఈలోగా మీరు పోతే నాకు మీ గోత్రం కూడు పెడుతుందా?" అని అమ్మ తమ్ముడి కోసం పరుగెత్తింది. మావయ్య వచ్చి నాన్నని భుజాన వేసుకెళ్ళి పడవలో పడుకోబెట్టాడు. రాజమండ్రి ఆసుపత్రిలో నాన్న బతికి బయటపడ్డాడు. బతికినవాడు మావయ్యతో మంచిమాట మాట్లాడలేదు సరికదా, శనివారం పడవెక్కిన పాపానికి ప్రతి గురువారం ఉపవాసం మొదలుపెట్టాడు.

ఏళ్ళ తరబడి నాన్న బతిమాలగా, ఒక శుక్రవారం మధ్యాహ్నం బొంబాయి నుంచి ఒక యూదు పెద్ద మా ఇంటికి వచ్చాడు. పదిమంది ఉంటే మర్నాటి ప్రార్థన తనే చేయిస్తానన్నాడు. నాన్న బతుకంతా ఎదురుచూసింది దానికే. ఆయనతో కలిపినా మేం తొమ్మిదిమందే.

నాన్న ముందుగా తన పాపం చెప్పుకున్నాడు. డిగ్రీ చదువుతున్నాను కాబట్టి ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. విని పెద్దాయన తెల్లబోయాడు. ప్రాణం మీదికి వస్తే శనివారమైనా పడవ ఎక్కి తీరాలట. ఎక్కకపోవడమే పాపమట. "ఆ రోజు ఈ లంకలో యూదుడంటూ ఉంటే, ఆ పడవాయన ఒక్కడే" అన్నాడు.

ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

"మళ్ళీ అడుగు. నీ ఇంగ్లీషు మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు నాన్న. మళ్ళీ అడిగాను. అదే మాట.

నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "మీ మావయ్యని పిలుచుకురా" అన్నాడు నాతో.

"మీరే వెళ్ళండి" అంది అమ్మ.

వెళ్ళాడు. మేమూ వెనకాలే వెళ్ళాం. రేవులో మావయ్య గెలల గుట్ట పక్కన కూర్చుని ఉన్నాడు. రేపు ప్రార్థనకి రమ్మని నాన్న అడగలేక అడిగాడు.

"రేపు పొద్దున్నే ఇవన్నీ దాటించాలి బావా. రైతులకి మాటిచ్చాను" అన్నాడు మావయ్య. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టే అన్నాడు.

నాన్న పడమటికి చూశాడు. పొద్దు ఇంకా ఉంది. "ఇవాళే దాటించేద్దాం" అని కండువా తలకి చుట్టి ఒక గెల ఎత్తబోయాడు. మావయ్య లాక్కున్నాడు. "మళ్ళీ గుండె పట్టుకుంటే మొయ్యడానికి నేనే దొరికానా?" అన్నాడు. నాన్న తక్కినవాళ్ళని కేకేశాడు. పెదనాన్నతో సహా అందరూ వచ్చి గెలలు ఎక్కించడం మొదలుపెట్టారు.

ఆఖరి విడత ఎక్కించేసరికి పొద్దు కుంకిపోయింది. తక్కినవాళ్ళు చేతులు దులుపుకుని గట్టెక్కేశారు. ఇప్పుడిక పడవ కదలకూడదు. మావయ్య తెడ్డు పట్టుకుని నాన్న మొహంలోకి చూశాడు. నాన్న పంచె ఎగగట్టుకుని పడవెక్కి, గెలల పక్కన కూర్చున్నాడు.