మల్లికి నిలబడడం నేర్పిన మామ

"మామ పోయినాడు మే" అని అమ్మ ఫోను చేసినప్పుడు నేను కంపెనీ వ్యాన్లో తిరువళ్ళూరు దాటతా ఉండాను. ఆస్పత్రిలో తెల్లారి కాఫీ అడిగి, అది వచ్చేలోపల పోయినాడంట. డ్రైవరన్నను వ్యాను నిలపమని దిగేసినాను. రోడ్డు పక్కన నిలబడి నేను మొదట అడిగింది ఏందో తెలుసునా? "మల్లి యాడుంది మా?" అని. మల్లి మా మామ పెంచిన కుక్కపిల్ల. మనిషి పోయినాడంటే కుక్కను అడిగిందే అని నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. మామే అయ్యుంటే ఆయన కూడా మొదట దాన్నే అడిగుండేవాడు.

ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. పెండ్లి చేసుకోలేదు. చిన్న వయసులోనే మద్రాసుకు పోయి ఒక పెద్ద బంగళాలో కుక్కలను చూసుకునే పనిలో చేరినాడు. తల నెరిసేదాకా అదే పని. ఆ ఇంటి కుక్కలను డాగ్ షోలకు తోలుకోని పోయి రింగులో నడిపించేది మామే. మీలో శానా మందికి ఈ రింగు సంగతి తెలిసుండదు, నాకూ అప్పుడు తెలీదు. అది సర్కస్ కాదు. చుట్టూ తాడు కట్టిన జాగాలో కుక్క చక్కంగా నిలబడాల. ముందరి కాళ్ళు నిట్టంగా, వెనక కాళ్ళు కొంచెం వెనక్కి చాపి, తల పైకెత్తి. జడ్జి వచ్చి మూతి తెరిచి పండ్లు చూస్తాడు, ఒళ్ళంతా తడుముతాడు. కుక్క గుర్రుమనకూడదు, ఎగరకూడదు, కూచోనే కూడదు. ఆ తర్వాత మనిషి పక్కన పరుగెత్తి చూపించాల. మామ గెలిపించిన కప్పులన్నీ ఆ బంగళా అద్దాల బీరువాలో ఉండాయి. మా ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు.

కిడ్నీలు చెడిపోయి, మాటిమాటికీ రక్తం శుద్ధి చేసుకునేదానికి పోవాల్సి వచ్చినంక తిరుత్తణిలో మా ఇంటికే వచ్చేసినాడు. చేతిలో ఒక బ్యాగు. దాంట్లోంచి మూతి బయట పెట్టి చూస్తా ఒక తెల్ల రాజపాళయం జాతి కుక్కపిల్ల. "ఇన్నేండ్లు ఇంకొకరి కుక్కల్ని నడిపించినాను పాపా. ఒక్కసారి నాదాన్ని రింగులో చూసుకోని పోతాను" అన్నాడు. ఆయన మమ్మల్ని అడిగింది అంతే. వేళకు మాత్ర కూడా అడిగే మనిషి కాదు.

మా అమ్మ చేసిన ఘనకార్యం ఈడ చెప్పాల. మామ ఆస్పత్రికి పోయిన దినాల్లో అమ్మ ఆ పిల్లకు బిస్కెట్టు చూపించి, వెనక కాళ్ళ మింద కూచోని ముందరి కాళ్ళు రెండూ ఎత్తి దండం పెట్టేది నేర్పించింది. మురుగన్ కొండ పక్కనే ఇల్లు, కుక్కకు కూడా భక్తి ఉండాలని ఆయమ్మ ఆశ. వీధంతా వచ్చి అరవంలో "కుంబిడు, కుంబిడు" అనేది, అది దండం పెట్టేది, అందరూ నవ్వేది. మామ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఏం పని చేసినావక్కా! రింగులో జడ్జి ముందర ఇది కూచోని దండం పెడితే కప్పు ఇయ్యడు, విబూతి ఇస్తాడు" అన్నాడు. అమ్మ మూతి ముడుచుకోని కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఎవురు ఎదురుగా వచ్చినా మల్లి టక్కున కూచునేసేది. ఆ అలవాటు మాన్పించేలోపల మామ ఒంట్లో ఉన్న శక్తి సగం అయిపోయింది.

పొద్దున్నే రైల్వే గేటు పక్కన గ్రౌండులో ట్రైనింగు. సొక్కా జేబులో ఉడకబెట్టిన కోడి కార్జెం ముక్కలు, ఆ జేబు ఎంత ఉతికినా కంపు పోదు. మల్లి కాళ్ళు ఒక్కొక్కటీ తన చేత్తోనే పట్టి పెడతాడు. కూచోబోతే కడుపు కింద వేలు పెట్టి లేపుతాడు. "నిలు" అంటాడు. ఒక్క ఊపిరి సేపు నిలబడితే చాలు, కార్జెం నోట్లో పెట్టి "పోదుం, పోదుం" అని విడిచేస్తాడు. పిల్లకు విసుగు రాకముందే మనం నిలిపేయాల అనేవాడు. నాకూ అప్పుడప్పుడు మల్లి తాడు ఇచ్చేవాడు. నాది బిగువు చెయ్యి. భయంతో తాడు లాగి పట్టుకుంటే అరిచేవాడు. "అది కుక్క మే, బావిలో బకెట్టు కాదు! వదులు!" నవ్వొచ్చి నిజంగానే చెయ్యి వదులయ్యేది.

నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుండింది. దోవన పోయే వాళ్ళందరి చేతికీ తాడు ఇచ్చేసేవాడు. టీ అంగడాయన, పూలమ్మే అక్క, పళ్ళిపట్టు బస్సు కండక్టరు, కొండకు కావడి మోసుకోని వచ్చిన యాడ యాడోళ్ళు. "అయ్యా, కొంచెం దీని పండ్లు చూడండి", "అన్నా, అట్లా నాలుగడుగులు నడిపించు" అని బతిమాలేవాడు. వాళ్ళు భయపడతానే పట్టుకుంటే ఈయన మెల్లంగా జరిగి గోడ చాటుకు పోయేవాడు. ఒక దినం పట్టుకోని అడిగేసినాను. "నీ కుక్క అంటావు, ఊరందరికీ పంచుతావు. నీ మాట ఒక్కటే వినేట్టు పెంచుకుంటే నీకేం నష్టం మామా?"

ఆయన కోపం చేసుకోలేదు. బంగళాలో ఒక కుక్క ఉండేదంట. ఈయన చేత్తో పెడితే తప్ప తినదంట. ఆ ఇంటివాళ్ళు దాన్ని ఎవురికో ఇచ్చేసినారు. అది ఆడ గేటు కాడ పడుకోని, తిండి మానేసి, అట్లే చచ్చిపోయింది. "అబ్బా ఏం విశ్వాసం అని అందరూ మెచ్చుకున్నారు పాపా. నేనే చంపినాను దాన్ని. దీన్ని చంపను" అన్నాడు. తనకు ఎక్కువ టైము లేదని ఆయనకు తెలుసునని నాకు అప్పుడు అర్థమయింది.

చివర్లో గ్రౌండు దాకా నడిచేదానికే ఆయాసం. సిమెంటు బెంచి మింద కూచోని తాడు నా చేతికి ఇచ్చేసినాడు. "నన్ను చూడొద్దు, దాన్ని చూడు" అని ఆడి నుంచే చెప్పేవాడు. ఎవురు ఏమడిగినా వదులు వదులు అనే మనిషి, మల్లిని తోలుకోని పోవాల్సిన మద్రాసు షో మాట వస్తే మాత్రం చిన్నబిడ్డ మాదిరి అయిపోయేవాడు. "నేను ఉంటే నేను నడిపిస్తాను. లేకుంటే నువ్వు" అన్నాడు. "ఉంటావులే మామా, ఏం మాటలవి" అన్నాను. ఉండలేదు. షో వారం ఉందనంగా పోయినాడు. దేవుడికి ఆ ఒక్క వారం ఇస్తే ఏం తక్కువయ్యేదో నాకు ఈ దినానికీ తెలీదు.

ఆయన్ని తెచ్చి వాకిట్లో పండబెట్టినాము. మల్లి వచ్చి కాళ్ళు వాసన చూసింది, ముఖం వాసన చూసింది. అందరం దాన్నే చూస్తా ఉండాము, ఏడుస్తాదేమోనని. పొయ్యి వెలిగించని ఇల్లని పక్కింటోళ్ళు ఇడ్లీలు తెచ్చినారు. దానికీ పెట్టినారు. తినింది. అన్నీ తినింది, తోక ఊపింది, ఇంకా పెడతారేమోనని చూసింది. నాకు దాన్ని ఎత్తి వీధిలోకి విసిరేయాలనిపించింది. నీ కాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో పట్టి పెట్టిన మనిషి కదే, ఒక్క పూట మానుకోలేవా! అమ్మ నా చెయ్యి పట్టుకోని "వాడు కోరుకునింది అదే కదా మే, తిననీ" అనింది. తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారతాదా?

షోకు పోకూడదనే అనుకున్నాను. కాటి కాడ పాలు పోసే కార్యం అయినంక అమ్మే తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. తను దండం పెట్టేది నేర్పించినందుకు లోపల లోపల కుములుతా ఉండిందని నాకు తెలుసు.

మద్రాసులో పెద్ద మైదానం, ఎండ, ఎటు చూసినా కుక్కలు. మా వంతు వచ్చింది. భయంతో తాడు బిగించేసినాను. "వదులు" అని అరిచేవాళ్ళు లేరు, నేనే వదిలినాను. "నిలు" అన్నాను, నా గొంతు నాకే వినపడలేదు. మల్లికి వినపడింది. నిలబడింది. జడ్జి ఎదురుగా వచ్చి వంగినాడు, మూతి తెరిచినాడు, నడుము తడిమినాడు. కూచోలేదు. పరుగెత్తమన్నాడు, పరుగెత్తింది, తాడు బరువే నా వేళ్ళకు తెలియలేదు. మామ బెంచి మింద ఆయాసపడతా చూడాలని కాచుకున్నదంతా చేసి చూపించింది. చూసేదానికి ఆయన లేడు. ఒక కప్పు కూడా వచ్చింది, అమ్మ దాన్ని టీవీ మింద పెట్టింది. అన్నం తినేటప్పుడు నేను ఆ పక్కకు వీపు తిప్పుకోని కూచుంటాను.

పరుగు అయినంక జడ్జి మళ్ళా ఒకసారి నిలబెట్టమన్నాడు. నా చేతిలోని కార్జెం ముక్క మింద కండ్లు పెట్టి, చెవి కూడా ఆడించకుండా నిలబడింది మల్లి. పక్కకు చూడలేదు, వెనక్కి చూడలేదు, ఎవురి కోసరమూ చూడలేదు. రింగు తాడుకు ఆ పక్క నిలబడిన ముఖాలను ఒక్కొక్కటిగా వెతకతా ఉండింది నేను.